పిండిమర గోడ మీది నంబరు

పొద్దున షట్టరు పైకెత్తగానే ముక్కుపుటాలు అదిరాయి. ఎదురుగా పిండిమరలో ఎవరిదో కారం పడుతున్నారు. కొత్త కాయ, కల్లంలో బాగా ఎండిన కాయ. ఆ ఘాటు రోడ్డు దాటి వచ్చి, నా కొట్లో వేలాడే ఫోన్ కవర్ల మీదా, చార్జర్ల మీదా, నా మీదా తీరిగ్గా కూర్చుంది. వరసగా తుమ్ములు. కళ్లు తుడుచుకుంటూ ఉండగా గల్లాపెట్టె కింది సొరుగులోంచి టింగుమని చిన్న చప్పుడైంది. ఆ సొరుగులో ఒక పాత ఫోన్ ఉంటుంది. అద్దం మీద ఓ మూల గీత పడింది. స్పీకరు చిల్లుల్లో ఎంత తుడిచినా పోని ఎర్రటి పొడి ఉంది. అది నాది కాదు. ఇప్పుడు వచ్చింది ఎవరిదో ఓటీపీ అయి ఉంటుంది. నేను చూడలేదు. చూడను కూడా. మనిషి వచ్చేదాకా ఆ ఫోన్‌ను బోర్లా పెట్టి ఉంచడం పద్ధతి. ఆ పద్ధతి పెట్టిన మనిషి ఇప్పుడు లేదు. కానీ కారం ఘాటూ, ఆ టింగుమన్న చప్పుడూ ఒకేసారి వచ్చాయంటే, కొంగుతో ముక్కు కట్టుకున్న కనకమ్మత్త నా గడప అవతల నిలబడ్డట్టే ఉంటుంది.

ఆవిడ గురించి చెప్పేముందు నా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఆవిడ నాతో ఎంత వేగిందో మీకు తెలియదు. మాది కొట్ల వంశం. మా తాత ఉప్పూ చింతపండూ అమ్మాడు, మా నాన్న చిల్లర సరుకులు అమ్మాడు, నేను సెల్లు రీచార్జీలూ, నెట్ సెంటరూ పెట్టాను. పర్చూరు నుంచి ఇంకొల్లు పోయే దారిలో ఉన్న మా ఊళ్లో మా ఇంటివాళ్లతో బేరం పెట్టుకున్నవాడు ఇంటికెళ్లి మంచం ఎక్కాల్సిందే అని పేరు. ఓసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లి, "ఏమన్నా తగ్గుతుందా అండీ?" అని అడిగాను. ఆయన పాపం జ్వరం సంగతి అనుకుని ధైర్యం చెప్పాడు. నేను అడిగింది ఫీజు సంగతి.

అలాంటివాడికి ఎదురుగా, రోడ్డుకి అవతల, కనకమ్మత్త పిండిమర. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఎదురెదురుగా ఉన్నందుకు అత్త. భర్త పోయాక మర తనే నడిపింది. ఒక్కడే కొడుకు, చీరాలలో చీరల షాపులో గుమాస్తా. మర గోడ మీద పెయింటరు చేత నీలం రంగు అక్షరాలతో రాయించింది: 'బియ్యప్పిండి, శనగపిండి, పసుపు, కారం పట్టబడును.' దాని కింద, పొలాల్లో ఉన్నవాళ్లకు కూడా కనబడేంత లావు అంకెలతో, తన సెల్ నంబరు.

ఆ నంబరే ఆవిడ కొంప ముంచింది. మా ఊరి కూలీల ఇళ్లల్లో ఆ రోజుల్లో సిమ్ము అంటే వక్కపొడి పొట్లంతో సమానం. రోడ్డు పక్కన గొడుగేసుకుని ఎవరో ఫ్రీగా ఇస్తుంటే తీసుకునేవాళ్లు. అందులో వేసిన డబ్బులు అయిపోతే పారేసి, మళ్లీ గొడుగు వచ్చేదాకా ఆగేవాళ్లు. నంబరు ఎప్పటికప్పుడు మారిపోయేది. కానీ గ్యాసువాడు నంబరు అడుగుతాడు, బ్యాంకువాడు అడుగుతాడు, రేషనువాడు అడుగుతాడు, ఆధార్‌వాడైతే నంబరు లేనిదే మనిషి లేడంటాడు. అడిగిన చోటల్లా జనం ఏం చెప్తారు? రోజూ కళ్లముందు కనబడేది, ఎండా వానా వచ్చినా చెరగనిది, పిల్లలు కూడా ఎక్కంలా అప్పజెప్పేది ఒకటే నంబరు. అదే చెప్పారు. నేను నెట్ సెంటర్ పెట్టి అప్లికేషన్లు నింపడం మొదలెట్టాక గానీ నాకు ఈ సంగతి తెలియలేదు. ఫోన్ నంబరు గడి దగ్గరికి రాగానే, వచ్చినవాళ్లలో సగంమంది కిటికీలోంచి రోడ్డుకి అవతల గోడ చూసి చదివేవాళ్లు.

"అత్తా, ఊరంతా నీ ఇంట్లోనే కాపురం ఉన్నట్టు లెక్కలో ఉంది," అన్నాను ఒకరోజు.

"ఉంటే ఉండనీరా. నా బియ్యం తింటున్నారా ఏంటి," అంది, తొట్టిలో శనగలు పోస్తూ.

ఆవిడ మరలో ఒక ఆనవాయితీ ఉండేది. పిండి పట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు తమ డబ్బాల్ని వరసలో పెట్టి పనులకు వెళ్లిపోయేవాళ్లు. డబ్బా నిలబడితే మనిషి నిలబడ్డట్టే. దాన్ని దాటి ఎవరూ ముందుకు పోరు. కానీ మరలోంచి పిండి దిగేటప్పుడు మాత్రం ఆ ఇంటి మనిషి ఎదురుగా ఉండాల్సిందే. లేకపోతే కనకమ్మత్త ఆ డబ్బాను పక్కకు జరిపి తరువాతిది పట్టేది. "వరసకి డబ్బా చాలు. పిండికి మనిషి కావాలి," అనేది. ఎవరి పిండి ఎవరింటికి పోయిందన్న మాట ఆ మరలో ఎన్నడూ రాలేదు.

ఫోన్‌కి వచ్చే అంకెలకీ అదే రూలు పెట్టింది. ఎవరి ఓటీపీ అయినా సరే, ఆ మనిషి వచ్చి మర మెట్టు మీద నిలబడితేనే చెప్పేది. అది కూడా చెవిలో. నాకు ఈ పద్ధతి గొంతులో ముల్లులా ఉండేది. కొట్లో గిరాకీ కూర్చుని ఉంటుంది, ఓటీపీ గడువు ఐసుముక్కలా కరిగిపోతుంటుంది, ఎదురుగా ఆవిడ ఫోన్‌లో అంకెలు సిద్ధంగా ఉంటాయి. కానీ మనిషి లేచి రోడ్డు దాటి వెళ్లి, చెవి ఒగ్గి విని, మళ్లీ రోడ్డు దాటి రావాలి. ఈలోగా లారీ అడ్డం వస్తే ఆ అంకెలు చెల్లవు. మళ్లీ మొదటి నుంచి.

నేను బేరానికి దిగాను. "అత్తా, నీ ఫోన్‌కి వచ్చే మెసేజులన్నీ వాటంతటవే నా ఫోన్‌కి వచ్చేలా పెడతా. నీకు శ్రమ ఉండదు. పని చిటికెలో అయిపోద్ది."

"ఎవరి పని?"

"అందరిదీ."

"నీదవుద్ది. వాళ్లకు తెలియకుండా వాళ్ల పని అయిపోవడం పని అవటం కాదురా శీనా."

నేను ఇంకో మెట్టు దిగాను. కనీసం కేకేసి చెప్పమన్నాను. ఆవిడ మర స్విచ్చి వేసింది. ఆ మోతలో నా బేరం కొట్టుకుపోయింది. మా వంశంలో ఎవరికీ జరగని పరాభవం అది. రోజూ జరిగేది.

ఆ రూలు వల్ల నష్టపోయినవాళ్లూ లేకపోలేదు. బండి మీద వచ్చిన సిలిండరు, కనెక్షన్ పేరున్న ఇంటాయన పొలంలో ఉండి అంకెలు అడిగి తెచ్చేవాళ్లు లేక వెనక్కి పోయిన రోజున ఆ ఇంటావిడ మర ముందు నిలబడి నానా శాపనార్థాలూ పెట్టింది. కనకమ్మత్త అన్నీ విని, "కట్టెలు కావాలంటే మా దొడ్లో ఉన్నాయి, తీసుకుపో," అంది. రూలు మాత్రం మార్చలేదు. ఇంత మొండితనం ఎందుకని ఓ మధ్యాహ్నం, కరెంటు పోయి మర ఆగిన వేళ అడిగాను. ఆవిడ కొంతసేపు బెల్టు మీది పొడి దులిపింది.

"మొదట్లో అడిగినోళ్లందరికీ చెప్పేదాన్నిరా. ఓరోజు ఒకాయన వచ్చి, మా ఆవిడది, చెప్పు కనకమ్మా అన్నాడు. మొగుడే కదా, చెప్పా. ఆ పిల్ల పొదుపు డబ్బంతా తీసి తాగేశాడు. మర్నాడు ఆ పిల్ల వచ్చి ఇదిగో, ఈ మెట్టు మీద కూర్చుంది. తిట్టలేదు. ఏడవలేదు. నేను పట్టిన కారం డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. తిట్టుంటే బాగుండేది."

తరువాత ఒకసారి ఎవడో బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని తియ్యగా అంకెలు అడిగాడు. "మర దగ్గరికి రా నాయనా, చెప్తాను. వచ్చేటప్పుడు డబ్బా తెచ్చుకో," అందావిడ. వాడు మళ్లీ చెయ్యలేదు.

ఇవన్నీ చిన్న సంగతులు. నాకు నిద్రలో కూడా గుర్తుండేది లావణ్య అప్లికేషన్ రోజు. లావణ్య నాగమణి కూతురు. నాగమణి మిరపకాయల కోతకు పోయే ముఠాలో మనిషి. భర్త పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర పనికి పోయి నెలల తరబడి వచ్చేవాడు కాదు. పిల్ల పదో తరగతి చదువుతోంది. గుంటూరులో గవర్నమెంటు హాస్టల్ కాలేజీలో సీటుకి పరీక్ష రాయాలి, దానికి అప్లికేషన్ పెట్టాలి. గడువు ఆరోజు సాయంత్రంతో సరి. పిల్ల బడి మానేసి, యూనిఫారంలోనే వచ్చి నా కొట్లో కూర్చుంది. నేను అన్నీ నింపాను. చివర్న తల్లి సమ్మతి అని ఉంది. తల్లి ఆధార్ నంబరు వెయ్యాలి, ఆవిడ పేరున ఓటీపీ వస్తుంది. అంకెలు ఎక్కడికి వస్తాయో మీకు తెలుసు.

లావణ్య రోడ్డు దాటి పరిగెత్తింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మర ఆగలేదు. పిల్ల చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. కనకమ్మత్త తల అడ్డంగా ఊపుతోంది. నా బేరసారాల చరిత్రంతా వెంటబెట్టుకుని నేనూ వెళ్లాను.

"సొంత కూతురత్తా! అమ్మ వేలు పట్టుకుని నడిచిన పిల్ల. దీనిక్కూడా చెప్పవా?"

ఆవిడ నన్ను చూడలేదు. పిల్లనే చూస్తూ, "నువ్వు హాస్టలుకి పోతున్నట్టు మీ అమ్మకు తెలుసా?" అంది.

లావణ్య నేల చూసింది.

"తెలుసా లేదా?"

"చెప్తే వద్దంటది పెద్దమ్మా. వచ్చే కోతల నుంచి తన జంటగా నేనూ సాలు పట్టి కాయ కొయ్యాలంటది. సీటొచ్చాక చెప్దామని..."

నేను నోరు మూసుకున్నాను. మూసుకోవడం నాకు అలవాటు లేని పని కాబట్టి బాగా గుర్తుంది. ఒక్క మాటతో ఆ అంకెలు చెప్పేస్తే పిల్ల బతుకు బాగుపడుతుంది. పిల్ల చదువుది న్యాయం కాదా? న్యాయమే. తల్లి ముద్ర దొంగిలిస్తే తప్పు కాదా? అదీ తప్పే. ఈ రెండింటి మధ్య ఎంతకి కుదుర్చుకోవాలో నాకు పాలుపోలేదు.

కనకమ్మత్త మర ఆపేసింది. తొట్టిలో కారం ఉండగా ఆవిడ మర ఆపడం అదే మొదలు, అదే ఆఖరు. వరసలో ఉన్న ఆడవాళ్లు గగ్గోలు పెట్టారు.

"ఓయమ్మా, మా కాయలు సగంలో వదిలేసి ఎక్కడికి?"

"డబ్బాలున్నాయిగా. అవి ఎక్కడికీ పోవులే," అంది. ఫోన్ రవికెలో దోపుకుని నాకేసి తిరిగింది. "ఒరేయ్ శీనా, బండి తియ్యి."

"కొట్టు?"

"పక్కనోణ్ణి చూడమను. ఒక పూట బేరం లేకపోతే చావవు."

నా బండి మీద ఆ పిల్లనీ, ఆవిణ్ణీ ఎక్కించుకుని బయల్దేరాను. ఆవిడ ఒంటి మీద, జుట్టులో, చేతుల మీద కారమే. గాలికి అది నా మెడ వెనక పడుతోంది. కళ్లు మూసుకుని బండి నడిపిన ఘనత నాకు దక్కింది. నల్లరేగడి దారంట పత్తి చేలు దాటి మిరప చేలోకి వెళ్లేసరికి, ఆ ఎర్రటి సాళ్లలో నడుం వంచి ఉన్న ఆడవాళ్లందరూ ఒకేలా కనబడ్డారు. లావణ్య మాత్రం దూరం నుంచే వేలుపెట్టి చూపించింది. "అదుగో మా అమ్మ."

చేలో సిగ్నల్ లేదు. కాలవ కట్ట ఎక్కితే రెండు గీతలొచ్చాయి. అప్లికేషన్‌ను నా ఫోన్‌లో తెరిచాను. నాగమణి చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ కట్ట ఎక్కి వచ్చింది. ఏం చెడ్డ కబురు వచ్చిందోనని ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"ఎవురికేమయింది అక్కా?"

"ఎవరికీ ఏం కాలేదు. నీ కూతురు చెప్తది, విను."

లావణ్య చెప్పింది. సగం చెప్పేసరికి ఏడుపు వచ్చింది. నాగమణి మధ్యలోనే అందుకుంది. "నాకు చెప్పకుండానా? ఇంత పెద్దదానివయ్యావా? ఒక్కదాన్నే చేలో, ఒక్కదాన్నే ఇంట్లో ఏం చెయ్యమంటావే నన్ను?" నేను మొదటిసారి తెప్పించిన ఓటీపీ ఆ మాటల్లోనే చెల్లకుండా పోయింది. రెండోసారి నొక్కాను. ఈసారి నేను ఆగలేకపోయాను.

"అక్కా, ఫ్రీ హాస్టలు. తిండీ, పుస్తకాలూ అన్నీ వాళ్లే. ఇంతకంటే మంచి బేరం..."

"నువ్వు నోరు ముయ్యరా," అంది కనకమ్మత్త. నాగమణితో మాత్రం గొంతు తగ్గించి అంది: "అమ్మా, నీ మాట లేకుండా ఇది నడవదంట. అందుకే వచ్చాను. వద్దంటే వద్దని చెప్పు. మేము తిరిగి పోతాం. నీ అంకెలు నీవి."

కట్ట మీద గాలి వీచింది. కింద చేలో ముఠా ఆడవాళ్లు కోత ఆపి పైకి చూస్తున్నారు. నాగమణి కూతుర్ని చూసింది. యూనిఫారం మీద, నా బండి మీద వచ్చేటప్పుడు కనకమ్మత్త ఒంటి నుంచి అంటుకున్న కారం మరకలు. వాటిని కొంగుతో దులిపింది. ఒకసారి దులిపితే పోలేదు. ఇంకోసారి దులిపింది.

"వారం వారం రానిస్తారంటనా?" అంది, ఎవర్నీ అడగనట్టు.

"పండగలకి రానిస్తారమ్మా," అంది లావణ్య.

నా ఫోన్‌లో గడువు కరిగిపోతోంది. అది చెప్దామని నోరు తెరిచి, కనకమ్మత్త చూపు చూసి మూసుకున్నాను. చివరికి నాగమణి చెవి మీది గుడ్డ పక్కకు జరిపింది.

"చెప్పక్కా."

కనకమ్మత్త ఆవిడ చెవిలో మొదటి అంకె చెప్పింది. నాగమణి దాన్ని గట్టిగా అంది. చేలో చివరి సాలులో వంగి ఉన్నవాళ్లకు కూడా వినబడేంత గట్టిగా. నేను నొక్కాను. రెండో అంకె చెవిలో, మళ్లీ గట్టిగా. చదువు రాని ఆ మనిషి ఒక్కో అంకెనీ పలికేటప్పుడు తలంబ్రాలు పోసినంత శ్రద్ధగా పలికింది. ఆఖరిది చెప్పాక, "అయిందా?" అని అడిగింది. అయింది, అప్లికేషన్ వెళ్లిందన్నాను. ఆవిడ తల ఊపి, చేతికి గుడ్డ చుట్టుకుని, కట్ట దిగి తన సాలులోకి వెళ్లింది. వంగే ముందు ఒకసారి వెనక్కి తిరిగి, "పరీక్ష బాగా రాయి. రాయకపోతే చంపుతా," అని కేకేసింది. ముఠా అంతా గొల్లున నవ్వింది. ఊళ్లోకి వచ్చాక కనకమ్మత్త, "నీకు ఇవాళ బేరం పోయిందిరా పాపం," అంది. నేను అవునన్నాను. పోయిన బేరం కంటే దక్కింది ఎంత పెద్దదో అప్పుడు నాకు తెలియదు.

లావణ్యకు సీటొచ్చింది. కనకమ్మత్తకు ఆయాసం వచ్చింది. ఏళ్ల తరబడి పీల్చిన కారమే కాబోలు, రెండు మెట్లు ఎక్కితే ఆగిపోయేది. మర అమ్మకానికి పెట్టే ముందు నన్ను పిలిచి, "మర కట్టేసేముందు వరస ఖాళీ చెయ్యాలిరా," అంది. ఆ ఏడాదంతా, ఎవరింట్లో పిల్లలు ఫోను కొన్నా ఆవిడ కబురు పంపేది. వాళ్లు వచ్చి నా కొట్లో కూర్చునేవాళ్లు, నేను బ్యాంకులోనూ గ్యాసులోనూ నంబరు ఎలా మార్చాలో చేసి చూపించేవాణ్ణి, ఆధార్‌కైతే పర్చూరు పంపేవాణ్ణి. ఆవిడ మంచం మీద నుంచే, "ఇంకెవరున్నారు వరసలో?" అని అడిగేది. నేను పేర్లు చెప్పేవాణ్ణి. రోజురోజుకీ పేర్లు తగ్గాయి. ఆవిడ ఊపిరీ తగ్గింది. చివరిసారి వెళ్లినప్పుడు, ఫోన్లు కొనుక్కోలేని ముసలివాళ్లు కొందరూ, నాగమణీ మిగిలారన్నాను. ఆవిడ కళ్లు మూసుకునే, "వాళ్లు వచ్చేదాకా ఉంచు," అంది. ఏది ఉంచమందో విడమరిచి చెప్పలేదు.

కర్మకాండ అయ్యాక కొడుకు ఆ సిమ్మును తన పేరుకి మార్పించుకుని, ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "రోజంతా మోగుతూనే ఉంటదన్నా. నా వల్ల కాదు. నువ్వే పెట్టుకో." నేనూ గుండె బరువెక్కి ఉన్న మనిషినే. అయినా కొట్టు రక్తం ఊరుకుంటుందా? "చార్జరు కూడా ఇస్తావా?" అన్నాను. అతను తడిసిన కళ్లతోనే నవ్వాడు. మర్నాడు చార్జరు పంపించాడు.

మర కొన్నవాళ్లు గోడకు సున్నం వేయించారు. ఆ నీలం అంకెలు సున్నం కిందనుంచి ఇప్పటికీ లీలగా కనబడుతూనే ఉంటాయి. లావణ్య గుంటూరులో నర్సు ఉద్యోగం చేస్తోంది. తల్లికి మంచి ఫోన్ కొనిచ్చింది. నాగమణి దాంట్లో పాటలు వింటుంది, కూతుర్ని చూస్తూ మాట్లాడుతుంది. ఆధార్‌లో నంబరు మాత్రం మార్చుకోదు. నేను చాలాసార్లు చెప్పాను. "ఆ నంబరే ఉండనీ తమ్ముడూ, అడ్డమేముంది," అంటుంది. నేను బేరమాడను.

ఇవాళ మధ్యాహ్నం నాగమణి చేలోంచి నేరుగా వచ్చి నా గడప ముందు నిలబడింది. చేతిలో తన ఫోన్, అందులో లావణ్య మొహం. పొద్దున టింగుమన్నది దీనికే. హాస్పిటల్ వాళ్లిచ్చే ఆరోగ్య కార్డులో తల్లి పేరు ఆవిడ ఆధార్‌తో చేరుస్తున్నానంది లావణ్య. పొద్దున తొందరపడి నొక్కేసిందట, అమ్మ పొలంలో ఉందని తరువాత గుర్తొచ్చిందట.

"ఇప్పుడు మళ్లీ పంపిస్తున్నా శీనన్నా. అమ్మా, నీకిష్టమేనా?"

"ఇష్టమేలే. నొక్కు."

సొరుగులో ఫోన్ టింగుమంది. తీసి అద్దం నాగమణి వైపు తిప్పాను. ఇప్పుడు ఆవిడకు అంకెలు వచ్చు. కూతురే నేర్పింది. కానీ చూడలేదు. తలగుడ్డ పక్కకు జరిపి చెవి ఒగ్గింది. నేను గల్లాపెట్టె మీద నుంచి వంగి, మొదటి అంకె మెల్లగా చెప్పాను. ఎదురుగా మరలో కారం పడుతూనే ఉంది. ఆ మోతను దాటి, రోడ్డు అవతల వరసలో డబ్బాలు పెట్టి నిలబడ్డవాళ్లందరూ తిరిగి చూసేలా, నాగమణి ఆ అంకెను పైకి పలికింది.